'సెప్పను' అన్న మాస్టారు

మా వీధిలో కంప్యూటర్ కోర్సు చదివే పిల్లలు సాయంత్రాలు మా అరుగు మీదికి వచ్చి కూర్చుంటారు. "అంకుల్, ఇంట్లో కంప్యూటర్‌కి వైరస్ రాకుండా ఏం చెయ్యాలి? బయటివాళ్లు దూరకుండా ఏం చెయ్యాలి?" అని అడుగుతారు. పరీక్షలో వస్తుందట. పాతికేళ్లు అదే పని చేసి ఇంట్లో కూర్చున్నవాణ్ణి, నన్ను కాక ఎవరిని అడుగుతారు! చెబుతాను. అప్‌డేట్ అడిగితే రేపు చూద్దాం అనకండి. ఎవరో లింకు పంపారు కదా అని నొక్కకండి. దారిన పోయే పెన్‌డ్రైవులన్నీ తెచ్చి గుచ్చకండి. పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పకండి.

ఆ చివరి మాట దగ్గర దగ్గొచ్చినట్టు మొహం తిప్పుకుంటాను. పిల్లలు దగ్గనుకుని మంచినీళ్లు తెచ్చిస్తారు. దగ్గు కాదర్రా. ఆ పాఠం నేను ఒక మనిషికి మరీ బాగా నేర్పాను. దానివల్ల ఒక ఇల్లాలు, తన భర్త తనని నమ్మకుండానే పోయాడని రెండేళ్లు కుమిలిపోయింది. మీ మొహాలు చూస్తూ చెప్పలేక ఇలా రాస్తున్నాను.

మాది టెక్కలి. మా నాన్న తాలూకా ఆఫీసులో గుమాస్తా. చుట్టూ ఊరంతా 'సెప్పు', 'సూడు' అంటుంటే మా ఇంట్లో మాత్రం ఆ మాట నోట వచ్చిందా, వీపు చిట్లిపోయేది. 'చ' అక్షరం నాకు పలక మీద రాలేదు, దెబ్బల మీద వచ్చింది. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, తర్వాత అవసరం పడుతుంది.

మొదట్లో టీవీలు బాగుచేసేవాణ్ణి. తర్వాత పలాసని ఆనుకున్న కాశీబుగ్గలో బస్టాండు దగ్గర ఒక కంప్యూటర్ సర్వీసు షాపులో కుదిరి, అక్కడే ముసలివాణ్ణయ్యాను. షాపులో ముగ్గురం. ఓనరు, నేను, కౌంటర్లో కూర్చునే ఒకామె. ఆమెది బారువ. రసీదులు రాయడానికి చేరిన మనిషి, చూసి చూసి నాకంటే బాగా పని నేర్చుకుంది. ఆ సంగతి నాకు తెలుసు, కానీ పైకి ఒప్పుకునేవాణ్ణి కాదు. నన్ను 'గురువుగారూ' అని పిలిచేది. అందులో సగం గౌరవం, సగం వెటకారం.

చేరిన రోజే ఓనరు నాకొక మాట చెప్పాడు. "జనం మన చేతికిచ్చేది డబ్బా కాదు, ఇంటి గుట్టు. లోపల ఏం కనపడినా కనపడనట్టే ఉండు. ఎవరడిగినా తెలీదను." ఆ మాటని నేను గట్టిగా పట్టుకున్నాను. ఇన్నేళ్లలో ఎంతమంది ఇళ్లలో ఎన్ని చూశానో, ఒక్కటి కూడా నా నోటి నుంచి బయటికి రాలేదు. దానికి గర్వపడేవాణ్ణి కూడా.

మా షాపుకి ఇంకో అలవాటుండేది. ఏ రోగం వచ్చినా ఒకటే మందు, ఫార్మాట్. అంటే లోపలున్నదంతా తుడిచేసి, అన్నీ మళ్లీ కొత్తగా ఎక్కించడం. రోగం పోతుంది. రోగితో పాటు పోతుంది, అది వేరే సంగతి.

సముద్రం వైపు ఉద్దానం తోటల ఊళ్లకి నేనే వెళ్లేవాణ్ణి. అక్కడ వైరస్ వచ్చేది పెన్‌డ్రైవుల్లోనే. పెళ్లి వీడియోలు, పాటలు, పిల్లల ఫొటోలు ఒకరింటి నుంచి ఒకరింటికి వెళ్తుండేవి. వాటితో పాటు వైరస్ కూడా పలాస నుంచి కంచిలి దాకా టిక్కెట్టు లేకుండా తిరిగేది. "ఇది మనుసులకి కూడా అంటుకుంటాదేటి బాబూ?" అని ఒక ముసలమ్మ కంప్యూటర్ ఉన్న గదిలోకి రావడం మానేసింది. నేను పెన్‌డ్రైవుల మీద పగబట్టాను. కనిపిస్తే పీకేసేవాణ్ణి, ఇంటివాళ్ల ముందే తిట్టేవాణ్ణి.

అలాంటి రోజుల్లో మాస్టారి ఇంటికి వెళ్లాను. కంచిలి అవతల జీడితోటల మధ్య ఊరు. హెడ్మాస్టరుగా రిటైరయ్యి, దాచుకున్నదాంతో ఒక కంప్యూటర్ కొనుక్కున్నారు. భార్యాభర్తలిద్దరే ఉండేవారు. ఆవిడ పెద్దగా చదువుకోలేదు. తోట పని, ఇంటి పని చేసుకుంటూ పొద్దస్తమానం గలగలా మాట్లాడుతుండేది. మాస్టారు కూడా పక్కా ఉద్దానం మాటే మాట్లాడేవారు. నా మాట తీరు చూసి నవ్వి, "ఏటి ఇంజినీరూ, పుస్తకం మింగీసినావేటి?" అనేవారు.

కంప్యూటర్‌కి పాస్‌వర్డ్ పెడతానంటే మొదట ఒప్పుకోలేదు. "మా ఇంటికే తలుపెయ్యం. దీనికి తాళమేటోయ్!"

సరే అని వచ్చేశాను. కొన్ని నెలల తర్వాత ఒకరోజు పొద్దున్నే ఫోను. మాస్టారు. "ఓసారి రావోయ్. మా ఇంట్లోకి ఎవులో వచ్చీసినారు."

దొంగలనుకుని కంగారుగా వెళ్లాను. దొంగలే, కాకపోతే గోడ దూకి రాలేదు. ముందురోజు మధ్యాహ్నం మాస్టారికి ఎవరో ఫోన్ చేసి, కంపెనీ నుంచి మాట్లాడుతున్నామని, మీ కంప్యూటర్లో వైరస్ ఉందని, మేమే తీసేస్తామని ఇంగ్లీషులో చెప్పారట. బడి పంతులుకి ఇంగ్లీషులో మర్యాదగా మాట్లాడేవాళ్లంటే గౌరవం. వాళ్లు చెప్పినట్టల్లా ఏదో ఎక్కించారు, తెర మీద వచ్చిన అంకెలు చదివి చెప్పారు. అంతే, మౌస్ ముట్టుకోకుండానే బాణం గుర్తు దానంతటదే కదిలి ఒక్కొక్క ఫైలూ తెరవడం మొదలుపెట్టింది. మాస్టారు కొయ్యబారిపోయారు.

అప్పుడు ఆవిడ పెరట్లో జీడిపిక్కలు ఎండబోసి లోపలికొచ్చిందట. మిగతాది ఆవిడే చెప్పింది. "ఎవులు తిప్పుతున్నారది? అని అడిగేను బాబూ. కంపెనీవోలు అన్నారు. మనింట్లో వోలికేటి పని? అని ప్లగ్గు పీకీసినాను. తప్పేటి?"

"తప్పు కాదమ్మా. అంతకంటే మంచి పని లేదు" అన్నాను. అది ముఖస్తుతి కాదు. పిల్లలూ, మీకు కూడా చెబుతున్నాను, అలాంటప్పుడు ముందు చెయ్యాల్సింది బయటి లైను తెంపెయ్యడమే. నాకు తెలిసిన యాంటీవైరస్‌లన్నిటిలో ఆవిడ చెయ్యి గొప్పది.

ఆవిడ వంటింట్లోకి వెళ్లాక మాస్టారు చిన్నగొంతుతో, "సెప్పుల్తో దేవుడి గదిలో తిరిగినట్టుందోయ్. నా రాత పాడుసేసినారేమో సూడు" అని ఒక ఫైలు తెరిపించారు. పొడుగాటి పట్టిక. మొదటి గడిలో ఒక మాట, రెండో గడిలో దాని అర్థం, మూడో గడిలో ఆ మాట ఎవరి నోట విన్నారో రాసి ఉంది. 'ఒగ్గీడం - వదిలేయడం - ఇంటావిడ.' 'తొంగోడం - పడుకోవడం - ఇంటావిడ.' 'లగెత్తడం - పరుగెత్తడం - ఇంటావిడ.' కిందికి వెళ్తున్నకొద్దీ ఇంటావిడ, ఇంటావిడ, ఇంటావిడ. కొన్నిటి కింద ఆవిడ ఆ మాట ఏ సందర్భంలో అన్నదో కూడా రాశారు. ఎవరిని తిట్టిందో, ఏ ఆవుని అదిలించిందో, అన్నీ.

"ఆవిడ మాటాడితే నేను ఈ గదిలో కూకుని రాసుకుంటాను" అన్నారు. "ఆవిడికి మాత్రం సెప్పకోయ్. తెలిస్తే నా ముందర జాగ్రత్తగా మాటాడతాది, మాట పాడైపోద్ది. మొత్తం అయ్యాక అచ్చేయించి సేతిలో పెడతాను."

"చెప్పను మాస్టారూ" అన్నాను.

"చెప్పను కాదోయ్, సెప్పను. సరిగ్గా పలుకు!" అని నా భుజం మీద తట్టారు.

ఆ రోజు ఆ కంప్యూటర్‌కి నాకు తెలిసిన కాపలాలన్నీ పెట్టాను. వాళ్లు దూరిన దారి మూసేశాను, యాంటీవైరస్ వేశాను, అప్‌డేట్లు చేశాను. ఇంటర్నెట్ మోడెం లోపలికి ఎవరూ వెళ్లకుండా దానికో పాస్‌వర్డ్ పెట్టించాను. అన్నిటికీ మించి మొత్తం డిస్కుకే తాళం వేశాను. ఆ తాళం ఎలాంటిదంటే, పాస్‌వర్డ్ కొట్టకపోతే డిస్కు పీకి ఇంకో కంప్యూటర్‌లో పెట్టినా అక్షరం కనపడదు. నాకూ కనపడదు.

"మీ ఇష్టమొచ్చిన మాట పెట్టుకోండి. నేను చూడను" అని గోడవైపు తిరిగి నిలబడ్డాను. వెనకాల ఒక్కొక్క అక్షరమే కొడుతున్న చప్పుడు వినిపించింది. ఆ తర్వాత నేనందరికీ పెట్టే పరీక్ష పెట్టాను. "ఏం పెట్టారు మాస్టారూ?" ఈ పరీక్షలో అందరూ తప్పుతారు. అడగ్గానే చెప్పేస్తారు, నేను తిట్టి మళ్లీ పెట్టిస్తాను.

మాస్టారు నా కళ్లలోకి చూసి, "సెప్పను" అన్నారు.

"శభాష్!" అన్నాను.

ఆయన నవ్వడం మొదలుపెట్టారు. పొట్ట పట్టుకుని, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వారు. నేనన్నదాంట్లో అంత నవ్వేముందో నాకు తెలియలేదు, మర్యాదకి నేనూ నవ్వాను. ఆవిడ గుమ్మంలోకి వచ్చి, "ఏటంత నవ్వు?" అని అడిగితే, "పరీచ్చ పాసయ్యేనే!" అన్నారు. ఆ తర్వాత నేను ఎప్పుడు వెళ్లినా అదే ఆట. "పాస్‌వర్డ్ ఏంటి మాస్టారూ?" "సెప్పను." మళ్లీ అదే నవ్వు.

మాట మరిచిపోతే తెరవడానికి పొడుగాటి అంకెల వరస ఒకటి వస్తుంది. అది కాగితం మీద రాసిచ్చాను. ట్రంకుపెట్టెలో దాచారు. "దీని కాపీ ఒకటి పెన్‌డ్రైవులో ఉంచుకుందునా?" అని పట్టిక చూపించి అడిగారు. పెన్‌డ్రైవు మాట వినగానే నాకు ఒళ్లు మండింది. "దాని ఊసెత్తకండి మాస్టారూ" అని కసిరాను. పెద్దమనిషి నోరు మూసుకున్నారు. రాతకి ఇంకో కాపీ లేకపోవడం వైరస్ కంటే పెద్ద ప్రమాదమని తెలిసిన వాణ్ణే. ఆ రోజు నా పగ నా బుద్ధిని మింగేసింది.

తర్వాత తుఫాను వచ్చింది. ఉద్దానంలో కొబ్బరిచెట్లు ఎలా పడిపోయాయో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. మాస్టారి ఇంటి పెంకులు ఎగిరిపోయాయి. ఆవిడ అన్నిటికంటే ముందు కంప్యూటర్‌ని మంచం మీద పెట్టి బరకం కప్పిందట. బియ్యం తడిసిపోయాయి, ట్రంకుపెట్టె నిండా నీళ్లు, కంప్యూటర్ మాత్రం నిక్షేపంగా ఉంది. "కాగితం ముద్దయిపోనాది. పర్వానేదు, మాట బుర్రలో ఉంది" అని మాస్టారు ఫోన్‌లో అన్నారు. వచ్చి కొత్త కాగితం రాసిస్తానన్నాను. వెళ్లలేదు. తుఫానుకి తడిసిన డబ్బాలు షాపు నిండా పేరుకుపోయాయి, ఆ పనిలో పడి మరిచిపోయాను.

ఆ తర్వాత మాస్టారికి కిడ్నీ వచ్చింది. మా వైపు అలాగే అంటాం, జ్వరం వచ్చిందన్నట్టు. వారంలో రెండు మూడుసార్లు పలాస వచ్చి డయాలసిస్ చేయించుకుని, ఒంట్లో బాగుంటే షాపులో కాసేపు కూర్చుని వెళ్లేవారు. రాత ఎంతదాకా వచ్చిందని ఒకసారి అడిగితే, "ఆవిడ ఇంకా మాటాడతానే ఉందోయ్" అని నవ్వారు. ఆ నవ్వులో ఓపిక లేదు. చివరికి శ్రీకాకుళం ఆసుపత్రిలో చేర్చారు. అక్కడే పోయారు.

కొన్ని వారాలకి ఆవిడ ఆటోలో మా షాపుకి వచ్చింది. కంప్యూటర్‌ని దుప్పట్లో చుట్టి, పసిపిల్లని తెచ్చినట్టు ఒళ్లో పెట్టుకుని తెచ్చింది. స్టూలు మీద కూర్చుని దుప్పటి కొసలు సర్దుతూ ఉండిపోయింది. అంత మాటకారి అలా కూర్చుంటే చూడలేకపోయాను.

చివరికి చెప్పింది. "ఆకరి రోజు బాబూ. మాట ముద్దముద్దగా వస్తాంది. కంప్యూటర్ తెరిపించు, నీకే అన్నారు. మాట ఏటని అడిగేను. సెప్పను అన్నారు. ఓలమ్మ, నాకు సెప్పకపోతే ఎవులికి సెప్తారండీ అన్నాను. మళ్లా అదే. సెప్పను, అదే, అని కళ్లు మూసీసుకున్నారు. ఇంకేటీ అన్లేదు."

రెండు రోజులు కుస్తీ పట్టాను. ఊరి పేరు, బడి పేరు, ఆవిడ పేరు, పుట్టినరోజులు, ఇలవేల్పు, ఏది కొట్టినా తప్పంది. రెండోరోజు మధ్యాహ్నం కౌంటరామె నా వెనకాల నిలబడి ఆలోచిస్తూ, "తెరిపించు అని సెప్పి, సెప్పను అనడమేటి గురువుగారూ? ఆ 'సెప్పను' అన్నదే కొట్టి సూడండి" అంది.

నాకు కూడా నిజమే అనిపించింది. కొట్టాను. తెర మీద అక్షరాలు పడవు, చుక్కలే పడతాయి. ఆమెకీ చుక్కలే కనపడ్డాయి. తప్పంది. "నీ తెలివి తెల్లారినట్టే ఉంది" అన్నాను. ఆమె మూతి తిప్పుకుని వెళ్లి కౌంటర్లో కూర్చుంది.

సాయంత్రం మాస్టారి ఇంటావిడ వచ్చింది. రాలేదమ్మా అన్నాను. తల ఊపింది. కొంగు వేలికి చుట్టుకుంటూ అడిగింది. "లోపల ఏటుందో నీకు తెల్సా బాబూ? మద్దేనం పూట తలుపేసుకుని ఏటో రాసీవోరు. నేను గదిలోకెళ్తే ఆపీసీవోరు. నాకు తెలీకూడనిదేటి రాసీవోరు?"

ఆ ప్రశ్నకి జవాబు నా నాలుక చివర ఉంది. నీ మాటలే తల్లీ, నువ్వు మాట్లాడిన మాటలే అని చెబితే సరిపోయేది. మాస్టారికి ఇచ్చిన మాట అడ్డొచ్చింది. ఓనరు నేర్పిన మాట అడ్డొచ్చింది. పాతికేళ్లు ఎవరి గుట్టూ బయటపెట్టలేదన్న నా గర్వం అన్నిటికంటే ఎక్కువ అడ్డొచ్చింది.

"తెలీదమ్మా" అన్నాను.

ఆవిడ లేచి నిలబడింది. "తెరిపించు అన్నది మతిపోయి అన్నమాట. సెప్పను అన్నది మనసులో మాట. ఇన్నేళ్లు కాపరం సేసి ఆకరికి ఒక్క మాట సెప్పడానికి ఆయనకి మనసొప్పలేదు. నాకు సూపించడం ఇట్టం లేందాన్ని నేనేల సూడాల? తుడిసీ బాబూ. బడికిచ్చీస్తాను, పిల్లలు నేర్సుకుంటారు."

ఆవిడ బయట బెంచీ మీద కూర్చుంది. కౌంటరామె నా దగ్గరికి వచ్చి, "డిస్కు తీసి పక్కన పెట్టండి, ఇంకోటి ఏద్దాం. ఎప్పుడైనా మాట తెలిస్తే?" అని గుసగుసగా అంది. ఆమె మాట విని ఉంటే ఈ రాత రాసే పనే ఉండేది కాదు. "ఆవిడే తుడవమంది. మనకెందుకు?" అన్నాను. ఫార్మాట్ నొక్కాను. టీ తాగి వచ్చేసరికి అయిపోయింది.

రెండేళ్లు గడిచాయి. నా కళ్లు మసకబారుతున్నాయి, ఇంక మానేద్దామనుకుంటున్న రోజులవి. ఒక ఉదయం బారువ నుంచి ఎండుచేపలు అమ్మే ఆమె ల్యాప్‌టాప్ తెచ్చింది. కూతురిది, వైరస్ పట్టిందట. తెరవడానికి పాస్‌వర్డ్ అడిగాను. "సేప" అంది.

కొట్టాను, తప్పంది. మళ్లీ కొట్టాను, మళ్లీ తప్పంది. "సరిగ్గా గుర్తుందా అమ్మా?" అని విసుక్కున్నాను.

"గుర్తుండకేటి, మా అమ్మి నా బేరం పేరే పెట్టినాది. సేప, సేప!"

కౌంటరామె కౌంటర్ దగ్గర్నుంచే, "గురువుగారూ, ఆవిడేటంటే అది కొట్టండి. మీరు 'చేప' కొడుతున్నారేమో. సీ-హెచ్ తీసీసి ఎస్ పెట్టండి" అంది.

ఎస్ పెట్టాను. తెరుచుకుంది. చేపలామె పకపకా నవ్వింది. నేనూ నవ్వబోయాను. నవ్వు సగంలో ఆగిపోయింది. మాస్టారి మాట చెవిలో పడింది. చెప్పను కాదోయ్, సెప్పను. సరిగ్గా పలుకు.

కౌంటరామెని అడిగాను. "ఆ మాస్టారి కంప్యూటర్‌కి నువ్వు ఆ రోజు ఏమని కొట్టమన్నావు?"

"సెప్పను అని."

నా చెవి విన్నదీ అదే. నా చెయ్యి మాత్రం సీ-హెచ్‌తో 'చెప్పను' అని కొట్టింది. మా నాన్న కొట్టిన దెబ్బలు ఊరికే పోలేదు, అరవై ఏళ్ల వయసులో కూడా నా వేళ్లు 'స' వింటే 'చ' రాస్తాయి. ఒక్క అక్షరం. మాస్టారు రహస్యం దాచుకోలేదు. నేనడిగిన ప్రతిసారీ నా మొహం మీదే పాస్‌వర్డ్ చెప్పి, నాకు తెలియలేదని పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకున్నారు. భార్య అడిగితే చివరి ఊపిరితో ఆవిడకీ చెప్పారు. అర్థం కాలేదేమోనని 'అదే' అని కూడా అన్నారు.

వారం రోజులు ఆ ఊరి బస్సు ఎక్కలేకపోయాను. వెళ్లి చెబితే ఆవిడ మనసులో ముల్లు పోతుంది, కానీ నేను చేసింది తెలుస్తుంది. చెప్పకపోతే నేను క్షేమంగా ఉంటాను. "ఏల ఆలోసిస్తన్నారు? ఎల్లి సెప్పీయండి" అని కౌంటరామె కసిరితే అప్పుడు కదిలాను.

ఆవిడ వాకిట్లో జీడిపిక్కలు ఒలుస్తోంది. చిక్కిపోయింది. కంప్యూటర్ ఆ గదిలోనే ఉంది, బడికి ఇవ్వడానికి మనసొప్పలేదట. పాత చీర కప్పి ఉంది. పక్కన గూట్లో మోడెం దుమ్ము పట్టి ఉంది. ముందు దాని సంగతి చూడాలనిపించింది. రెండు చోట్లా ఒకే మాట పెట్టవద్దని మాస్టారికి చెప్పాను, అయినా అందరిలాగే పెట్టి ఉంటారని నా అనుమానం. నాతో తెచ్చుకున్న ల్యాప్‌టాప్‌ని దానికి తగిలించి, మోడెం పాస్‌వర్డ్ అడిగిన చోట ఎస్‌తో 'సెప్పను' అని కొట్టాను. తెరుచుకోకూడదని మనసులో దండం పెట్టుకున్నాను. తెరుచుకుంది.

బయటికి వచ్చి ఆవిడ ముందు కింద కూర్చున్నాను. "అమ్మా, మాస్టారు మీకు చెప్పారు. ఆ 'సెప్పను' అన్నదే పాస్‌వర్డ్."

ఆవిడ చేతిలో కత్తి ఆగిపోయింది. "ఏటి?"

మళ్లీ చెప్పాను. మూడోసారి కూడా చెప్పించుకుంది. అప్పుడు ఆవిడ మొహం ఎలా విచ్చుకుందో రాయడం నావల్ల కాదు. "సెప్పినారా? నాకు సెప్పినారా? ఓరి నాయనో, సెప్పీసే ఎల్లినారా!" అని నవ్వుతూ ఏడుస్తూ, ప్రహరీ మీంచి పక్కింటావిణ్ణి కేకేసి, "ఒలే, మీ మాస్టారు నాకు సెప్పినారే!" అంది. పక్కింటావిడకి ఏమీ అర్థం కాలేదు.

కళ్లు తుడుచుకుని నా వైపు తిరిగింది. "అయితే ఇప్పుడా మాట కొడితే తెరుసుకుంటాదా బాబూ?"

ఆ ప్రశ్న వస్తుందని తెలుసు. బస్సులో వంద రకాలుగా జవాబు అనుకున్నాను.

"లేదమ్మా. ఆ రోజు తుడిచేశాను కదా. ఏమీ మిగల్లేదు."

"ఏటి రాసినారో కూడా తెల్దు" అంది, తనలో తను అనుకున్నట్టు.

"మీ మాటలమ్మా. మీరు మాట్లాడే ప్రతి మాటా రాసుకునేవారు. పక్కన 'ఇంటావిడ' అని రాసేవారు. పుస్తకం వేయించి మీ చేతిలో పెడదామనుకున్నారు."

ఆవిడ కత్తి పక్కన పెట్టింది. "నీకు తెల్సునా?"

"తెలుసమ్మా."

"ఆ రోజు నిన్నడిగేను గదా. తెలీదన్నావు."

"అన్నానమ్మా."

తిట్టలేదు. తిడితే బాగుండేది. ఆవిడ నోట ఎన్ని తిట్లున్నాయో నేను ఆ పట్టికలో చూశాను, ఒక్కటైనా నాకు దక్కలేదు. ఒలిచిన పిక్కలు చేటలో ఒక పక్కకి సర్దుతూ కూర్చుంది.

తర్వాత లేచి గదిలోకి వెళ్లి, కంప్యూటర్ మీద చీర తీసింది. "ఆ మాట పెట్టు."

"లోపల ఏమీ లేదమ్మా."

"లేపోతే లేదు. అయినా పెట్టు."

పెట్టాను. ఆ మాటే దానికి కొత్త తాళం. ఈసారి గోడవైపు తిరగలేదు. ఆవిడకి ఇంగ్లీషు అక్షరాలు రావు. నేను ఒక్కొక్క మీటా చూపిస్తుంటే, జీడి మరకలున్న వేలితో ఒక్కొక్కటీ గట్టిగా నొక్కింది. నొక్కుతూ పైకి అంటోంది. సె... ప్ప... ను. తెర మీద ఏడు చుక్కలు పడ్డాయి. చివరి మీట నొక్కింది. కంప్యూటర్ తెరుచుకుంది. తెర నిండా నీలం రంగు, ఇంకేమీ లేదు.

"తెరుసుకుంది" అంది.

కుర్చీ లాక్కుని దాని ముందు కూర్చుంది. నేను బస్సుకి బయలుదేరుతూ కంప్యూటర్ ఆపెయ్యనా అని అడిగాను.

"ముయ్యకు బాబూ. ఉండనీ."